ముయ్యికి వస్తాం

తలుపు లేదట, అదీ ఒక సాకేనా, రాయబుద్ధి కాకపోతే కాలేదని చెప్పొచ్చు, ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఇంట్లో తలుపు లేదనడం ఏమిటి, నిన్న సాయంత్రం స్వాతి ఫోన్‌లో ఆ మాట అన్నప్పటి నుంచి నా చెవిలో అదే తిరుగుతోంది, మా ఇంట్లో మూసుకునేదానికి తలుపు లేదు మేడమ్, నేనింక క్లాసుకు రాను, అంతే, పెట్టేసింది, నేను హలో హలో అంటూ పలకని ఫోన్ పట్టుకుని నిలబడ్డాను, ఏమైంది రంజితా మొహం అట్ల పెట్టినావు అని మా ఆయన అజిత్ విత్తనాలంగడి మూసి వస్తూనే అడిగితే ఏం లేదులే అన్నాను, నువ్వు ఏం లేదన్నావంటే ఏదో ఉండాదనే లెక్క అని నవ్వాడాయన, ఉంది మరి, ఇప్పుడు హిందూపురం స్టేషన్ వెనక్కి జరిగిపోతుంటే, పొద్దుటి ప్యాసింజర్‌లో ఈ కిటికీ మూల దొరికినందుకు కూడా సంతోషించలేకుండా కూర్చున్నానంటే ఉన్నట్టే కదా, ఆదివారం ఆదివారం ధర్మవరం పోయి ఆడవాళ్ళకు కథలు చెప్పడం, రాయడం, లోపల అణిగి ఉన్నదాన్ని బయటికి తీయడం నేర్పిస్తానని బోర్డు కట్టాను, మొదటి వారం కుర్చీలు చాలక కొందరు మెట్ల మీద కూర్చున్నారు, ఆరో వారానికి ముగ్గురు మిగిలారు, హాలు హరికృష్ణది, మంచివాడే, ఊరికే ఇస్తున్నాడు, కానీ పోయిన వారం తాళం చెవి వేలికి తిప్పుకుంటూ, ఏమనుకోవద్దమ్మా, ముగ్గురి కోసం అన్ని ఫ్యాన్లు తిప్పాల్నా, పిల్లోళ్ళ అబాకస్ క్లాసుకు హాలు అడుగుతాండారు, ఈ ఆదివారం గూడా ఇట్లనే ఉంటే ఇంక వాళ్ళకిచ్చేస్తా అన్నాడు, ఈ ఆదివారం అంటే ఇవాళే, ఇవాళ ఆ ముగ్గురిలో స్వాతి కూడా రాదు, మిగిలిన ఇద్దరి ముందు నిలబడి ఏం చెప్పాలి, తలుపు ఎట్లా మూసుకోవాలో మళ్ళీ చెప్పనా.

ఒళ్ళో ఉన్న ఈ చిన్న పుస్తకం నేనే రాసి నేనే అచ్చు వేయించింది, అట్ట మీద విచ్చుకుంటున్న తామర, లోపల మొదటి సూత్రం, పొద్దున్నే లేచి గంటసేపు తలుపు మూసుకోండి, ఆ గంట మీ ఒక్కరిది, ఎవరు పిలిచినా పలకకండి, రెండో సూత్రం, మీ పని మీరే పూర్తి చేయండి, పూర్తయ్యేదాకా ఎవరికీ చూపించకండి, మూడోది, మిమ్మల్ని వెనక్కి లాగేవాళ్ళకు దూరంగా ఉండండి, ఆ మూడోది చదివినప్పుడు వెనక వరుసలో ఎవరో, మాకు అది మా అత్తే మేడమ్, ఆమెకు దూరమంటే యాడికి పోవల్ల అంటే హాలంతా గొల్లుమంది, నేను కూడా నవ్వాను, నవ్వి నాలుగో సూత్రానికి పోయాను, అప్పుడైనా ఆగి ఉండాల్సింది, ఇవన్నీ నా సొంతమా అంటే కాదు, బెంగళూరులో ఒకాయన ఏసీ హాల్లో చాపల మీద కూర్చోబెట్టి, ఇంగ్లీషులోనూ మధ్యమధ్య కన్నడంలోనూ, ఏకాంతమే మీ పెట్టుబడి అంటుంటే నేను కళ్ళు తుడుచుకుంటూ రాసుకున్నవి, నాకు పనికొచ్చాయి కూడా, అబద్ధమెందుకు, మా ఇంట్లో మేడ మీద గది ఉంది, దానికి గడియ ఉంది, నేను గడియ పెట్టుకుని రాసుకునే గంటలో కింద పాలు పొంగితే దించడానికి తోడికోడలు రూప ఉంది, అక్క రాసుకుంటాండాది అల్లరి చేయొద్దండి అని పిల్లలను కసిరేది కూడా తనే, అంటే నా ఏకాంతాన్ని కింద నిలబడి మోస్తున్నది రూప అన్నమాట, ఆ పేరు ఈ పుస్తకంలో ఎక్కడా లేదు, అట్ట తిప్పి వెనక కూడా చూశాను, అక్కడ నా ఫోటో ఉంది.

మూసిన తలుపు అంటే రత్నమ్మక్క గుర్తొచ్చి నవ్వాగలేదు, ఎదురు సీటు పెద్దాయన నన్ను అదోలా చూశాడు, చూడనీ, ఆమె కథ తెలిస్తే ఆయనా నవ్వుతాడు, రత్నమ్మక్క యాభై దాటిన మనిషి, చదువు రాదు, పక్కింటామె క్లాసుకు వస్తుంటే ఒక్కదాన్ని ఏం పంపిచ్చేదని తోడొచ్చినా అంది, తోడొచ్చిన మనిషే అందరికంటే శ్రద్ధగా విన్నది, మర్నాడు పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి ముగ్గేసి, లోపలికి పోయి వీధి తలుపుకు గడియ పెట్టుకుంది, ధర్మవరంలో వాళ్ళ వీధిలో పొద్దునపూట తలుపు మూసి ఉందంటే ఇంట్లోవాళ్ళు ఊరికైనా పోయుండాలి, లేదంటే లోపల ఏదో జరిగుండాలి, వాకిట్లో తడి ముగ్గు ఉంది కాబట్టి ఊరికి పోలేదు, ఇక మిగిలింది రెండోదే, ముందు పాలామె పిలిచింది, తర్వాత ఎదురింటామె, తర్వాత వీధి వీధంతా, రత్నమ్మా, రత్నమ్మక్కా, ఓ రత్నమ్మత్తా, ఎవరు పిలిచినా పలకొద్దని నేను చెప్పాను కదా, పలకలేదు, ఎవరో నల్లచెరువులో ఉన్న ఆమె తమ్ముడు ఓబులేసుకు ఫోన్ చేశారు, ఇంకెవరో గడ్డపార తెచ్చారు, గంట అయ్యాక ఆమె గడియ తీసేసరికి బయట జనం, ఒకామె అప్పటికే కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది, ఇంకో గంటకు నల్లచెరువు నుంచి మోటార్ సైకిల్ మీద వచ్చిన తమ్ముణ్ణి చూసి, వచ్చినావు కదా, అన్నం తిని పోదువు లేరా అందట, ఇదంతా మరుసటి ఆదివారం మాకు చెప్పింది, ఆ గంటసేపు లోపల ఏం జేసినావక్కా అని ఎవరో అడిగితే, ఏం జేస్తా, మేడమ్ మూసుకోమన్నాది, మూసుకున్యా, బయట నా గురించి ఎవురెవురు ఎట్ల ఏడుస్తాండారో విన్యా, బతికుండంగానే వినే యోగం ఎవురికొస్తాది చెప్పు, నేను చెప్తా, ఎవురన్నా రాసుకోండి, శానా బాగుంటాది అంది, హాలంతా కడుపు పట్టుకుని నవ్వుతోంది, నేనేమన్నాను, ఎవరి కథ వాళ్ళే రాసుకోవాలి రత్నమ్మక్కా, అది రెండో సూత్రం అన్నాను, అబ్బ, ఎంత తెలివి, ఆ తర్వాతి వారం ఆమె రాలేదు, పక్కింటామె కూడా రాలేదు, తోడు లేకపోతే ఆమె మాత్రం ఎట్లా వస్తుంది.

స్వాతి మాత్రం వచ్చింది, చీరలంగడిలో పనిచేసే చంద్రశేఖర్ భార్య, చిన్న పిల్లలిద్దరు, ఎప్పుడూ గోడవైపు కుర్చీ, మాట్లాడదు, ఒకరోజు ఉన్నట్టుండి లేచి చదివింది, ఒక ఆడమనిషి కూరగాయల సంచితో బస్టాండులో నిలబడి ఉంది, కదిరి మీదుగా తనకల్లు పోయే బస్సు వచ్చింది, తనకల్లు ఆమె పుట్టినూరు, టమోటాలు కొనుక్కుని ఇంటికి పోవాల్సిన మనిషి ఆ బోర్డు చదివి ఒక కాలు బస్సు మెట్టు మీద పెట్టింది, కండక్టర్ ఎక్కమ్మా ఎక్కు అంటున్నాడు, అక్కడ ఆపేసింది స్వాతి, అంతవరకే రాసినా మేడమ్ అంది, నిజంగా, నేను రాసిన కథలన్నీ పక్కన పెట్టినా ఆ ఒక్క కాలుకు సరిపోవు, హాల్లో ఉన్నవాళ్ళు ఒక్కసారిగా లేచారు, ఎక్కాల, ఎక్కిపోవాల, అట్లెట్ల ఎక్కుతాది పిల్లోళ్ళు బడి నుంచి వస్తారు గదా, టమోటాలు ఎవురికన్నా ఇచ్చి పంపిస్తే పోలేదా, అని అరుపులు, స్వాతి కళ్ళు ఒకరి తర్వాత ఒకరి మీదికి పోతున్నాయి, ఆమె మొహం వెలుగుతోంది, అప్పుడు నేను బల్ల మీద కొట్టి, గమ్మున ఉండండి, ఆమె కథను చెడగొట్టొద్దు, స్వాతీ, ఇంటికి పోయి ఒక్కదానివే కూర్చుని పూర్తి చేసి తీసుకురా అన్నాను, ఆ వెలుగు ఎట్లా ఆరిందో ఇప్పుడు కనిపిస్తోంది నాకు, అప్పుడు గడియారం చూసుకుంటున్నాను, నిన్న ఫోన్‌లో పెట్టేసే ముందు ఇంకా ఏదో చెప్పింది కదా, నేను సాకు అనుకుని సరిగ్గా వినలేదు, మాది ఒకటే గది మేడమ్, నడుమ చీరె కట్టి తెర చేసినాం, ఆ పక్క మా మామ పండుకుంటాడు, ఈ పక్క మేము, లోపల తలుపుండేది బాత్రూమ్ ఒక్కదానికే, దాంట్లో గూడా కూచుని రాసి చూసినా, మా మామ తలుపు కొట్టినాడు అంది, బాత్రూమ్‌లో కూర్చుని రాసిందట, నా పుస్తకంలో తలుపు మూసుకోమని ఉందని, ఛీ, నా తామరపువ్వు మీద మన్ను పోయ, కిటికీ బయట మొన్నటి వానకు ఎర్రనేల తడిసి వాసన వేస్తోంది, దున్ని వదిలిన చేలు, ఇంకో వాన పడితే విత్తనం వేస్తారు, నా కళ్ళు మండుతున్నాయి.

పెనుకొండలో బండి ఆగీ ఆగకముందే ఆడవాళ్ళ గుంపు ఒకటి సంచులతో, చేటలతో, నవ్వులతో ఎక్కింది, జరుగు జరుగు అంటూ ముగ్గురు కూర్చునే సీట్లో ఐదుగురు కూర్చున్నారు, నా పక్కన కూర్చున్నామె తన చేట నా ఒళ్ళో ఆ పుస్తకం మీదే పెట్టేసింది, అడగను కూడా లేదు, ఏమ్మా, ఒక్కదానివే మూలకు ముడుచుకుని కూచున్నావు, ఇంట్లో కొట్లాడొచ్చినావా అంది, లేదక్కా అన్నాను, మరి కండ్లెందుకు అట్లుండాయి, నిద్ర లేదా, శెనక్కాయలు తింటావా అని నా పిడికిలి తెరిచి వేయించిన కాయలు పోసింది, పేరు సిద్ధమ్మ అట, పెనుకొండ పక్క పల్లె, ఏం పనిమీద పోతాండావని అడిగింది, ధర్మవరంలో కథలు రాసేది నేర్పిస్తానక్కా అంటే, కథలు గూడా నేర్పిస్తారా, మా ఆయప్ప ఐతే నీకు నోరు మూసేది ఎవురన్నా నేర్పిస్తే సాలు అంటాడు, ఐదుగురూ పగలబడి నవ్వారు, నేనూ నవ్వాను, ఎదురు సీటు పెద్దాయన కూడా నవ్వేశాడు, మీరెక్కడికక్కా ఇంతమంది అని అడిగితే, మా నాగక్క ఇంటికి, ధర్మవరం అవతల పల్లె, విత్తనాల కాయలు ఒలిచేదుండాది, ముయ్యికి పోతాండాం, పోయిన వారం ఆమె తన మనుషులను పిల్చుకోనొచ్చి మాకు ఒలిచిచ్చె, ఈ వారం మేం పోవల్ల గదా అని మామూలుగా చెప్పి అవతలామెతో ఏదో పెళ్ళి భోజనాల కబుర్లలో పడిపోయింది, ముయ్యి, ఎంత కాలమైంది ఆ మాట విని, ఇవాళ నీ పనికి మేము, రేపు మా పనికి మీరు, అంతే, కూలి లేదు, లెక్క లేదు, నోట్లో శనక్కాయ తియ్యగా నలుగుతోంది, మరి నేను ఎక్కడ విన్నాను, ఎక్కడ ఏమిటి, మా ఇంట్లోనే.

రొద్దంలో మా పుట్టింటి పంచ, నడుమ మనిషెత్తు శనక్కాయల రాశి, మిషన్‌కు వేస్తే గింజ మీది పొర లేచిపోయి మొలక రాదని విత్తనాలు చేత్తోనే ఒలిచేవాళ్ళు, ఊళ్ళో ఆడవాళ్ళంతా మా ఇంటికి వచ్చేవాళ్ళు, మరునాడు మా అమ్మ, అవ్వ వాళ్ళిళ్ళకు పోయేవాళ్ళు, రాశి చుట్టూ చాపలు, పసిబిడ్డ తల్లి ఉయ్యాల పక్కన, చూపు ఆనని ముసలామె గోడకు ఆనుకుని, వేళ్ళతోనే మంచి గింజను చెడ్డ గింజను వేరు చేస్తూ, రానివాళ్ళకు నేర్పేవాళ్ళు, నెమ్మదిగా ఒలిచేవాళ్ళను ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు, మా అవ్వ వెంకటలక్ష్మమ్మ కథ ఎత్తుకునేది, అనగనగా ఒక కోమటాయన, ఆయనకు నక్కంటే భయం, అని మొదలుపెట్టి సరిగ్గా నక్క వాకిట్లోకి వచ్చేసరికి ఆపి, ఆ పైన నువ్వు చెప్పు మే అని ఎవరో ఒకరివైపు గడ్డం చూపేది, ఆమె తనకు తోచింది చెప్పాలి, ఆమె ఆపితే ఇంకొకామె, ఒకరోజు ఆ గడ్డం సంచుల వెనక దాక్కున్న నావైపు తిరిగింది, ఆ పైన మా రంజితమ్మ చెప్పల్ల, నోటికొచ్చింది అన్నాను, నక్క బస్సెక్కింది అన్నాను, పంచంతా ఒక్క నవ్వు, చేటలు కదిలిపోయాయి, నాకు ఏడుపు రాబోయింది, అవ్వ మాత్రం నవ్వకుండా, సరే, నక్క బస్సెక్కింది, మరి కండక్టరేమన్నాడు అని పక్కామెను అడిగింది, పక్కామె టికెట్ తియ్ అన్నాడు అంది, ఇంకొకామె నక్క దగ్గర చిల్లర లేదంది, సాయంత్రం దాకా ఆ నక్క బస్సులోనే తిరిగింది, మడకశిర దాకా పోయి వచ్చింది, అది ఎవరి కథ, అవ్వదా, నాదా, టికెట్ అడిగించినామెదా, ఎవరికి గుర్తు, నేను కథ చెప్పగలనని నాకు తెలిసింది మాత్రం ఆ పూటే, ఆ పంచకు తలుపు లేదు, మూడు వైపులా గోడ, ఒకవైపు వీధి.

మరి నేను ధర్మవరం పోయి ఏం చెబుతున్నాను, పంచలో కూర్చుని నేర్చుకున్నదాన్ని గదిలో మూసుకోమని చెబుతున్నాను, గది ఉన్నవాళ్ళు మూసుకోనీ, నాకు అభ్యంతరం లేదు, నేనూ రేపు పొద్దున్నే మేడ మీద గడియ పెట్టుకుంటాను, తర్వాత కిందికి దిగి పాలు నేనే దించుతూ రూపకు కూడా ఒక గంట ఆ గది ఇస్తాను, కానీ గది లేనివాళ్ళకు, అక్షరాలు రానివాళ్ళకు, తోడు లేకుండా వీధి దాటనివాళ్ళకు కళ వద్దా, సిద్ధమ్మక్కా కాస్త ఈ చేట పట్టుకో, ఫోన్ చేసుకోవాలి అన్నాను, చేసుకో తల్లీ, మొగునికేనా, సారీ చెప్పు, పోతాది అంది, ఇంకా నేను కొట్లాడే వచ్చానని ఆమె నమ్మకం, ఫోన్ మోగుతోంది మోగుతోంది, ఎత్తదేమో, ఎత్తింది, మేడమ్, నిన్ననే చెప్పినా కదా నేను రానని, నువ్వు రావద్దు స్వాతీ, మేమే వస్తాం, యాడికి మేడమ్, మీ ఇంటికి, మా ఇంటికా, ఏంటికి, ముయ్యికి అన్నాను, ముయ్యికి రావడానికి మా ఇంట్లో ఏముండాది మేడమ్, కాయలా కంకులా అంది, బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి నిలబడిన మనిషి ఉంది కదా, ఇవాళ అందరం కలిసి ఆ మనిషి పని చూద్దాం, పిల్లలను ఒకరు ఆడిస్తారు, పొయ్యి దగ్గర ఒకరుంటారు, నువ్వు మా నడుమ కూర్చుని చెప్పు, రాయి, కొట్టెయ్యి, నీ ఇష్టం, వచ్చే ఆదివారం రత్నమ్మక్క ఇంటికి పోదాం, ఆమె చెప్తుంది, నువ్వు రాసిపెట్టాలి, అది నీ ముయ్యి అన్నాను, మా మామ ఉంటాడు మేడమ్ అంది గొంతు తగ్గించి, ఉండనీ, ఆమె ఎక్కిందా లేదా అని ఆయన్ను కూడా అడుగుదాం అన్నాను, అప్పుడు నవ్వింది, ఆ పిల్ల నవ్వడం నేను వినలేదు ఇంతవరకు, ఆయప్ప రోజూ అడుగుతాండాడు మేడమ్, బాత్రూమ్‌లో కూచుని ఏం రాస్తాంటివి, నాకు గూడా చెప్పగూడదా అని.

రత్నమ్మక్కకు ఫోన్ చేసి స్వాతి ఇంటికి రమ్మంటే, ఇప్పుడు చెప్పినావు సూడు బాగుండే మాట, నువ్వు బండి దిగి నడిచొచ్చే లోపల వీధిలో అందరినీ పిల్చుకోనొస్తా, చాపలు గూడా తెస్తా, ఈ తూరి తలుపు మూసుకోమనవు గదా అంది, అనను అక్కా అన్నాను, క్లాసులో మిగిలిన ఇద్దరినీ అక్కడికే రమ్మన్నాను, హరికృష్ణకు మెసేజ్ పెట్టాను, హాలు అబాకస్ పిల్లలకు ఇచ్చేయండి, మీ సాయం మరిచిపోను అని, క్లాసు మూతపడుతుందని హిందూపురంలో ఎక్కినప్పుడు ఉన్న భయం ఎక్కడ దిగిపోయిందో తెలియలేదు, పెనుకొండలోనే దిగి ఉంటుంది, ఒళ్ళో పుస్తకం తెరిచి పెన్నుతో మొదటి సూత్రం కొట్టేశాను, ఏం రాయాలో వెంటనే తోచలేదు, ఖాళీగానే వదిలాను, అందరితో కలిసి రాయొచ్చులే, బండి నెమ్మదించింది, సిద్ధమ్మ వాళ్ళు చేటలు సర్దుకుంటున్నారు, నీ మొగునితో రాజీ అయినట్టుందే, మొగం కళకళలాడుతాండాది అంది, అయిందక్కా అన్నాను, ధర్మవరం ప్లాట్‌ఫారం వచ్చేసింది, ఫోన్ మళ్ళీ మోగింది, స్వాతి, వస్తాండారా మేడమ్, టీకి పాలు తెప్పించినా, మా వీధి తలుపు తెల్లారినప్పటి నుంచి తీసే ఉంటాది, మూసుకునే ఇల్లా మాది, కానీ ముందే చెప్తాండా, ఆమె బస్సెక్కిందో లేదో నాకే తెలీదు, రాసేకి జాగా దొరికితే తెలుస్తాదనుకుంటి, నాకూ తెలియదు అన్నాను, తెలియదని అంత సంతోషంగా నేను ఎప్పుడూ చెప్పలేదు, సంచి భుజాన వేసుకుని మెట్టు మీద కాలు పెట్టాను, వెనక నుంచి దిగమ్మా దిగు అంటున్నారు, ఆ ఆడమనిషి తనకల్లు బస్సు మెట్టు మీద ఇన్ని రోజులుగా నిలబడి ఉన్నది స్వాతికి గది లేక కాదు, ఆ పైన ఏమైంది అని అడిగేవాళ్ళు పక్కన లేక.